బెత్తెడు లోతు

పీణ్య రెండో స్టేజీలో
వాన వెలిసిన రాత్రి, పదకొండు దాటాక,
టీ బండి దగ్గర ఓబులపతన్న అడిగాడు:
"ఎంత లోతు దిగిందమ్మా మీ మేకు?"

రిపోర్టుల్లో దానికి నేనెన్ని పేర్లు పెట్టినా
ఆయన లెక్కలో అది మేకే.
ఒంటి పొడుగునా పది సెన్సార్లు,
కళ్ళు కావు, చూడవు,
తాకి చెబుతాయంతే.

నాలుగు వేళ్ళు పక్కపక్కన చేర్చి చూపించాను.
"బెత్తెడా!
అంత దూరం పోయి బెత్తెడా!
మా హిందూపురం కాడ
వెయ్యడుగుల బోరుకే తడి తగల్లేదు గదా."

ఏం చెప్పను.
ఆ బెత్తెడు కోసం
సేలం వైపు తెల్లరాళ్ళని పిండి చేయించి
గాలి తోడేసిన పెట్టెలో పోసి,
ఎంత వదులుగా పోయాలో ఎంత అదమాలో తేలక
ఒక ఎండాకాలమంతా గొడవపడ్డాం.
ఏడో సెన్సారు మొండికేసిన రోజు
వెంట్రుకంత తీగని
ఊపిరి బిగబట్టి నేనే అతికాను.
అన్నం తినడం మర్చిపోయాను.
అది సాయంత్రానికి మాట్లాడింది.

అంకెలు వచ్చిన రోజు
గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
చప్పట్లన్నీ దిగిన రోజే అయిపోయాయి.
పైన యాభై డిగ్రీలు.
ఒక్కో అంగుళానికీ జారుతూ జారుతూ
బెత్తెడు లోపల సున్నాకి కింద పది.
పక్క సీటు ముబీనా కళ్ళద్దాలు తుడుచుకుని
మళ్ళీ అదే అంకెని చూసింది.
"తప్పేమో" అంది.
మూడుసార్లు సరిచూశాం.
తప్పు కాదు.

ఇదంతా చెప్తే
ఓబులపతన్న గ్లాసు పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి,
"అంటే మన సంగటికి తిరకాసు" అన్నాడు.
"సంగటి పైన ఆరిపోయుంటది,
తొందరపడి వేలు పెడితే లోపల చుర్రుమంటది.
ఈయన పైన కాల్తా లోపల సల్లగుండాడు."
నా నాలుగేళ్ళ థియరీ
ఒక కంచంలో సర్దుకుంది.

ఆయనది కొలిమి పని.
ఇనుము దానిమ్మ గింజ రంగుకొస్తే ఎనిమిది వందలంటాడు,
వంకాయ రంగు తిరిగిందా, దించెయ్యమంటాడు.
మీటరు పెట్టి చూస్తే
పదో పాతికో తేడా.
ముప్పయ్యొక్క ఏళ్ళు.
నేను అంచు పట్టుకుని ఊది ఊది తాగే గ్లాసుని
ఆయన నడుం పట్టుకుని తాగుతాడు.
వేడి ఆ వేళ్ళ దాకా వస్తుంది,
అక్కడే నిలబడిపోతుంది.

అక్కడి మన్నూ అంతేనని
ఆయనకి చెప్పలేదు.

"మరి ఆ బొక్క పూడ్చినారా?"
"పూడ్చేవాళ్ళెవరూ లేరన్నా.
గాలి లేదు, వాన లేదు, చీమైనా లేదు.
మేకు పైకి తీశాక
అది అట్లాగే ఉంటుంది."
"ఎన్నాళ్ళు?"
నాకు తెలిసిన సంఖ్యలు ఏవీ
టీ బండి దగ్గర చెప్పదగ్గవి కావు.
"చానా ఏళ్ళు" అన్నాను.

మూడో షిఫ్టు సైరన్ మోగింది.
టవలు భుజాన వేసుకుంటూ,
"ఎవరో ముద్దలో వేలు పెట్టి చూసి
తినకుండానే లేచిపోయినట్టు" అన్నాడు,
బురద తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు.

మబ్బు. చంద్రుడు కనిపించలేదు.
ఇంటికెళ్ళే దారిలో, జాలహళ్ళి క్రాస్ దగ్గర
పైపుల కోసం తవ్విపోసిన మట్టి గుట్ట.
చుట్టూ చూసి,
చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని,
నాలుగు వేళ్ళు గుచ్చాను.
పైన వాన చల్లదనం.
లోపల, పగటి ఎండ ఇంకా కొంచెం మిగిలి
గోరువెచ్చగా.

వేళ్ళు లాగాను.
ఎంత చూసినా బొక్క నిలవలేదు.
పక్క మట్టి మెల్లగా జారి
పూడిపోయింది.